కంప్యూటరు కంపెనీల నష్టభయములు

మన పాఠశాలలో చదివి, ఇప్పుడు హైదరాబాదున నొక విదేశ కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు క్రిందటి సంక్రాంతి సెలవులలో మమ్ము చూడవచ్చెను. ఏమి పని చేయుచున్నావని యడుగగా, "రిస్కు డిపార్టుమెంటులో ఉన్నానండి" యని చెప్పెను. ప్రక్కనే కూర్చున్న యొక వృద్ధుడు, ఒక విద్యార్థికి తాతగారు, "అనగా భీమా ఏజెంటువా, నాయనా?" యని ప్రశ్నించిరి. "కాదు తాతగారూ, మా కంపెనీకి ఏయే విధములుగా నష్టము రావచ్చునో ముందుగా ఆలోచించి చెప్పుట మా పని" యని అతడు బదులు చెప్పెను. ఆ పెద్దాయన, "కీడెంచి మేలెంచుటకు గూడ జీతమిత్తురా!" యని ఆశ్చర్యపడిరి. మేమందరము నవ్వితిమి గాని, పిదప ఆలోచించి చూడగా ఆ యుద్యోగమునకు అంతకంటె తగిన పేరు మాకు తోచలేదు.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములనుండి ఏటేట ఎందరో బాలబాలికలు ఇంజనీరింగు చదివి ఇట్టి కంపెనీలలో చేరుచున్నారు. పొలము తాకట్టు పెట్టి బిడ్డలను చదివించిన తలిదండ్రులు మన బడికి వచ్చు వారిలో అరుదు గారు. దూరమున నున్న యొక కంపెనీ నిలుచునా కూలునా యనునది నేడు మన యింటి సంగతియే యైనది. కావున ఆ కంపెనీలకు కలుగు నష్టభయము లెట్టివో, వానిని వారు కనిపెట్టుకొను విధ మెట్టిదో, మాకు తెలిసినంతవరకు ఇచట వివరించుచున్నాము.

మనకు తెలిసిన వర్తకముతో ఆరంభింతము. మార్కాపురము పలకలకు పేరుపడినది. పలకల రాయి భూమిలో పొరలు పొరలుగా నుండును. ఆ పొరలు చక్కగా చీలునో, ముక్కలుగా విరుగునో త్రవ్వి చూచినగాని తెలియదు. త్రవ్విన రాతిలో పెద్దభాగము పనికిరాక గుట్టలు పడియుండుట గనుల దారిని పోవువారందరు చూచినదే. వానకాలమున గనిలో నీరు నిలుచును. కోత దుమ్ము పనివాండ్ర ఊపిరితిత్తులను పాడుచేయును. తయారైన సరకు దారిలో పగులును. కొన్న షావుకారు సొమ్ము చెల్లించుటకు నెలలు గడపును. గని యజమాని వీనినన్నిటిని ఎరిగియే వర్తకము చేయును. ధర కట్టునపుడే వీనికై కొంత కలుపుకొనును. అయితే వీనన్నిటికంటె పెద్ద భయము వేరొక దిక్కునుండి వచ్చినది. బడిపిల్లలు పలక విడిచి కాగితపు పుస్తకము పట్టిరి. ప్లాస్టికు పలకలును బజారున వెలసినవి. ఇందు ఏ యజమాని తప్పును లేదు, ఏ పనివాని లోపమును లేదు. ఆ రాతినే ఇండ్ల కప్పులకు, గోడలకు, నేలకు పనికివచ్చు బిళ్లలుగా కోయించి దూరదేశములకు పంపు మార్గమును కొందరు పట్టిరి. పలకలు పోవునను భయము తీరెను గాని, దాని స్థానమున డాలరు ధర, ఓడ కిరాయి, ఎన్నడును చూడని దేశపు కొనుగోలుదారుని పరపతి యను క్రొత్త భయములు వచ్చి చేరినవి. ఒక భయము నుండి తప్పించుకొనిన వర్తకుడు వేరొకదానిని భుజముపై వేసికొనక తప్పదు.

కంప్యూటరు కంపెనీకి గనియు లేదు, గోదామును లేదు. దాని సరకు ఉద్యోగుల తెలివి. ఆ తెలివి రాజీనామా కాగితము వ్రాసి యిచ్చి మరునాడు ఎదుటి కంపెనీలో చేరగలదు. దాని ఖాతాదారులు అమెరికాలోనో ఐరోపాలోనో ఉందురు. జీతములు పుచ్చుకొనువారు హైదరాబాదులో ఉందురు. ఒక లెక్క చూడుడు. అమెరికాలోని యొక బ్యాంకికి పని చేసిపెట్టుటకు మన కంపెనీ 10 లక్షల డాలర్లకు ఒడంబడిక చేసికొనినదనుకొందము. ఒడంబడికనాడు డాలరు 80 రూపాయలు. సొమ్ము చేతికి వచ్చునాటికి డాలరు 76 రూపాయలకు దిగినచో 40 లక్షల రూపాయలు ఊరక పోయినవి. పనిలో తప్పు లేదు, ఖాతాదారుడు ఎగవేయలేదు. అయినను నష్టము వచ్చినది. దీనిని తప్పించుకొనుటకు కంపెనీలు బ్యాంకితో ముందే ఒప్పందము చేసికొందురు: ఆరు నెలల తరువాత వచ్చు డాలర్లను ఇంత ధరకు అమ్ముదుమని నేడే నిర్ణయించుకొందురు. డాలరు పెరిగినచో వచ్చెడి లాభమును వదలుకొని, తగ్గినచో వచ్చెడి నష్టమును పోగొట్టుకొనుట దీనిలోని కిటుకు. శనగలు కల్లములో నుండగనే షావుకారుతో ధర కుదుర్చుకొను రైతునకు ఈ సంగతి మేము నేర్పనక్కరలేదు.

ఇక పరదేశ చట్టములు. అమెరికా ప్రభుత్వము వీసాల నియమమును మార్చినచో అక్కడికి మనుష్యులను పంపి పని చేయించు కంపెనీ లెక్క తారుమారగును. ఐరోపా సమితి ప్రజల సొంత వివరములను కాపాడుటకై చేసిన శాసనము 2018 మే 25 నుండి అమలులోనికి వచ్చినది. దానిని తీవ్రముగా అతిక్రమించిన కంపెనీకి ప్రపంచమంతటి తన రాబడిలో నూటికి 4 వంతులవరకు జరిమానా పడవచ్చును. మన దేశమునను 2023లో ఇట్టి శాసనము చేసిరి. అందలి గరిష్ఠపు జరిమానా 250 కోట్ల రూపాయలు.

ఒకే పనిని నమ్ముకొనుటయు నొక భయమే. పాత కంప్యూటర్లలో సంవత్సరమును రెండంకెలతో మాత్రమే వ్రాసియుండుటచేత 2000 సంవత్సరము రాగానే అవి దానిని 1900 అని భ్రమపడునని లోకమంతయు కలవరపడెను. ఆ దిద్దుబాటు పనికై ఎందరో తెలుగు యువకులు సముద్రములు దాటిరి. ఒకరి నష్టభయము మరియొకరికి జీవనోపాధి యైనది. అయితే 2000 జనవరి రాగానే ఆ పని తీరిపోయినది. వేరు పని చూచుకొనని కంపెనీకి చేతిలో నేమియు మిగులలేదు.

అందరును ఒకే త్రాటిని పట్టుకొనుట వలని కష్టము 2024 జూలై 19వ తేదీని కనబడినది. క్రౌడ్‌స్ట్రైక్ అను కంపెనీ, కంప్యూటర్లను దొంగలనుండి కాపాడు తన ప్రోగ్రామునకు పంపిన యొక సవరణలో తప్పు దొర్లినది. కాపలాదారుని తప్పువలననే ఇల్లు మూతపడినట్లు, లోకమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు పనిచేయక నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు టిక్కెట్టు చీటీలను చేతితో వ్రాసి ఇచ్చిరి. మా దస్తూరి తరగతిని పరిహసించు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

ఇన్ని భయములను కంపెనీవారు ఎట్లు కనిపెట్టుకొందురు? వారు ఒక చిట్టా వ్రాసి ఉంచుకొందురు. అందులో ప్రతి భయమునకు నాలుగు సంగతులు చేర్తురు: అది సంభవించుట కెంత అవకాశము గలదు, సంభవించినచో ఎంత నష్టము, దానికి చేసిన కట్టడి యేమి, దానికి ఎవరు బాధ్యులు. కొన్నిటిని ఆ పనియే మానుకొని తప్పించుకొందురు. కొన్నిటిని భీమా కంపెనీపై వేయుదురు. కొన్నిటిని తెలిసియే భరింతురు. కంభము చెరువును తలచుకొనుడు. గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్ట వేసిన విజయనగరకాలపువారికి ఏ యేడు ఎంత వాన కురియునో తెలియదు. తెలియదు గనుకనే నీరు నిలుచుటకు కట్టయు, పొలములకు పారుటకు తూములును, మితిమీరినప్పుడు పోవుటకు అలుగును ఏర్పరచిరి. వానను ఆపుట వారి పని గాదు. కట్ట తెగకుండ చూచుట వారి పని.

అయితే కట్ట యెంత గట్టిదైనను, బుంగ పడినదని నీరుగంటి వచ్చి చెప్పవలెను గదా. ఆ పెద్దాయన మా పూర్వవిద్యార్థిని ఈ మాటయే అడిగిరి: "మీ చిట్టా సరే, నాయనా. చెడ్డవార్త తెచ్చినవానిని మీ దొరలు ఏమి చేయుదురు?" అతడు కొంచెము తడవు ఊరకుండి, "అది కంపెనీని బట్టి ఉండును, తాతగారూ" అనెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన సంగతి అక్కడనే ఉన్నది. బుంగను చూచినవారే దానిని గడ్డితో కప్పిన కథ యొకటి మన తెలుగుదేశముననే జరిగినది గనుక దానిని కొంత విపులముగా చెప్పెదము.

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అను కంపెనీని శ్రీ బి. రామలింగరాజుగారు 1987లో స్థాపించిరి. 2001లో దాని వాటాలు న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజిలో అమ్మకమునకు వచ్చినవి. 2008 నాటికి అరువదికి పైగా దేశములలో దాని వ్యవహారములు సాగుచుండెను. ఉద్యోగులు 50,000 మందికి మించిరి. ఆపదలో పిలిచిన వెంటనే బండి పంపు 108 సేవను 2005లో హైదరాబాదున ఆరంభించిన సంస్థయు రామలింగరాజుగారు నెలకొల్పినదే. సత్యం డైరెక్టర్లలో పేరుపొందిన ఆచార్యులును, పూర్వపు ఉన్నతోద్యోగులును ఉండిరి. లెక్కలు చూచునది ప్రైస్ వాటర్‌హౌస్ అను ప్రసిద్ధ ఆడిటు సంస్థ. 2008 సెప్టెంబరులో, కంపెనీ పరిపాలన మిక్కిలి చక్కగా నున్నదని "గోల్డెన్ పీకాక్" బహుమానమును గూడ దానికిచ్చిరి. తరువాత దానిని వెనుకకు తీసికొనిరి లెండి.

2008 డిసెంబరు 16వ తేదీని సత్యం డైరెక్టర్లు, రాజుగారి కుటుంబమునకు సంబంధించిన మైటాస్ ప్రాపర్టీస్, మైటాస్ ఇన్‌ఫ్రా అను రెండు కంపెనీల వాటాలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు తీర్మానించిరి. సత్యం అను మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి వెనుకనుండి చదివినచో మైటాస్ అగును. కంప్యూటరు కంపెనీకి స్థలములతోను కట్టడములతోను ఏమి నిమిత్తమని వాటాదారులు గగ్గోలు పెట్టగా, కొన్ని గంటలలోనే ఆ తీర్మానమును విరమించుకొనిరి. ఆ రోజులలోనే డైరెక్టర్లలో ఒకరికి ఆకాశరామన్న ఉత్తరము చేరినది. కంపెనీ లెక్కలలో మోసము గలదని దానిలో నుండెను. డిసెంబరు 23వ తేదీని ప్రపంచ బ్యాంకి, తన యుద్యోగులకు అనుచితలాభములు చేకూర్చినదను కారణమున, సత్యమును ఎనిమిదేండ్లపాటు తన పనులనుండి వెలివేసినట్లు ప్రకటించినది.

2009 జనవరి 7వ తేదీని రామలింగరాజుగారు డైరెక్టర్లకు ఒక ఉత్తరము వ్రాసి రాజీనామా చేసిరి. అందలి అంకెలను విద్యార్థులు నిదానముగా చదువవలెను. లెక్కలలో నగదును బ్యాంకి నిలువయు కలిసి 5,361 కోట్ల రూపాయలని చూపబడెను. అందులో 5,040 కోట్లు లేనేలేవు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్లు వ్రాయబడెను. తీర్చవలసిన అప్పు 1,230 కోట్లు వ్రాయబడలేదు. రావలసిన బాకీలు 490 కోట్లు ఎక్కువచేసి చూపబడెను. నాలుగును కూడినచో 7,136 కోట్లు.

ఆ ఉత్తరములోని మరియొక లెక్క మాకు ఇంకను విచిత్రముగా తోచినది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు రాబడి 2,700 కోట్లని, లాభము 649 కోట్లని ప్రకటించియుండిరి. నిజమైన రాబడి 2,112 కోట్లు. నిజమైన లాభము 61 కోట్లు. అనగా నూటికి 24 వంతుల లాభమని లోకమునకు చెప్పినది నిజమునకు నూటికి 3 వంతులే. ఇప్పుడు రెండు తీసివేతలు చేసి చూడుడు. రాబడిలో తేడా 588 కోట్లు. లాభములో తేడాయు 588 కోట్లే. ఏలయన, లేని పనికి జీతములు లేవు, దీపములు లేవు, అద్దెలు లేవు. కల్పించిన రాబడి యంతయు లాభమే. ఆ లాభము ఎక్కడనో ఉన్నట్లు చూపవలెను గదా! కావున బ్యాంకిలో నున్నదని వ్రాసిరి. దానికై దొంగ బిల్లులును, దొంగ డిపాజిట్టు రసీదులును సృష్టించిరని పిదప విచారణలో తేలినది.

ఇంత మోసము ఒక్కనాడు పుట్టినది గాదు. మొదట నిజమైన లాభమునకు, చూపిన లాభమునకు నడుమ స్వల్పమైన తేడా ఉండెననియు, కంపెనీతోబాటు ఆ తేడాయు ఏటేట పెరిగినదనియు ఆయన వ్రాసిరి. కంపెనీలో యజమానుల వాటా స్వల్పమగుటచేత, లాభము తగ్గినదని తెలిసినచో పరులు కంపెనీని కొనివేయుదురనియు, అప్పుడు గుట్టు బయటపడుననియు ఆయన భయము. మైటాస్ కంపెనీలను కొనుటయు, లేని సొమ్ము స్థానమున ఉన్న ఆస్తిని చేర్చుటకు చేసిన తుది ప్రయత్నమే. పులినెక్కి స్వారి చేయుచు, దిగిన నది తినివేయునని భయపడు వానివలె తానుంటినని ఆయన చెప్పుకొనిరి. ఆనాడే సత్యం వాటా ధర నాల్గింట మూడుపాళ్లకు పైగా పడిపోయినది.

న్యూయార్కులో వాటాలు అమ్ము కంపెనీ గనుక సత్యము ఏటేట తన నష్టభయములను అచ్చువేసి ప్రకటింపవలసి యుండెను, ప్రకటించినది గూడ. డాలరు ధర, వీసాలు, పోటీ, ఉద్యోగులు విడిచిపోవుట, ఇవన్నియు ఇట్టి పట్టికలలో ఉండునవే. కంపెనీని కూల్చిన భయము మాత్రము అందులో లేదు. ఆడిటర్ల సంగతి చూడుడు. బ్యాంకిలో ఇంత సొమ్మున్నదని కంపెనీ గుమాస్తా తెచ్చి చూపిన కాగితమును నమ్మరాదు. ఆడిటరు తానే బ్యాంకికి వ్రాసి, ప్రత్యుత్తరమును నేరుగా తెప్పించుకొనవలెను. మన ఊరి సహకార సంఘపు లెక్కలు చూచు ఇన్‌స్పెక్టరు సైతము ముందు పాసుపుస్తకమును పట్టుకొని బ్యాంకికి పోవును. పాతికవేల సంగతిలో చేయు పని వేలకోట్ల సంగతిలో సరిగా జరుగలేదు.

తరువాతి కథను త్వరగా ముగింతము. కేంద్ర ప్రభుత్వము పాత డైరెక్టర్ల సభను రద్దుచేసి, జనవరి 11వ తేదీని దీపక్ పారెఖ్, కిరణ్ కార్ణిక్, సి. అచ్యుతన్ గార్లను నియమించినది. కొలది దినములలో మరి ముగ్గురు చేరిరి. వారి ముందున్న మొదటి చిక్కు న్యాయస్థానము గాదు, ఆ నెల జీతములు. ఉద్యోగులు చెదరినచో ఖాతాదారులు పోవుదురు. ఖాతాదారులు పోయినచో కొనువాడు రాడు. బ్యాంకులనుండి అప్పు తెచ్చి జీతములిచ్చుచు, ఖాతాదారులకు ధైర్యము చెప్పుచు, బహిరంగముగా వేలము పెట్టిరి. ఏప్రిల్ 13వ తేదీని టెక్ మహీంద్రా కంపెనీ వాటా ఒక్కింటికి 58 రూపాయల చొప్పున వేలమును గెలుచుకొనెను. 2013లో సత్యం ఆ కంపెనీలో పూర్తిగా కలిసిపోయినది. 2015 ఏప్రిల్ 9వ తేదీని హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల కఠినశిక్ష విధించెను. వారిలో రామలింగరాజుగారు, వారి సోదరులు, బయటి ఆడిటర్లిద్దరు, కంపెనీ లోపలి ఆడిటు అధికారి కలరు. బుంగను కనిపెట్టుటకే నియమింపబడిన వారు ముగ్గురు ఆ పదిమందిలో నుండిరన్నమాట. మరుసటి నెలలో అప్పీలుపై శిక్ష నిలుపుదలయై వారు జామీనుపై విడుదలయిరి.

వీధిన పడుదుమని వణకిన వేలాది యుద్యోగులలో పెక్కురు పని పోగొట్టుకొనక నిలిచిరి. కట్ట తెగిన పిదపను ఊరు మునుగకుండ చేసిన ఆ ఆరుగురి పనిని గూర్చి మన పత్రికలు తగినంత వ్రాయలేదని మా అభిప్రాయము. దోషుల కథ చెప్పుటయందున్న రుచి, దిద్దినవారి కథ చెప్పుటయందు జనులకు లేదు కాబోలు.

ఆ పిమ్మట 2013లో క్రొత్త కంపెనీల చట్టము వచ్చినది. వాటాలు బజారున అమ్ము కంపెనీకి ఒకే ఆడిటు సంస్థ పదేండ్లకు మించి వరుసగా లెక్కలు చూడరాదు. లోపల జరుగు తప్పును చెప్పదలచిన యుద్యోగికి ఒక మార్గమును ఏర్పరచి, చెప్పినవానిని బాధింపకుండ కాపాడవలెను. ఆకాశరామన్న ఇక తన పేరు దాచుకొన నక్కరలేదని శాసనకర్తల ఆశ. విలువలో మొదటి వేయి కంపెనీలు నష్టభయములను విచారించు ఉపసంఘమును పెట్టుకొనవలెనని సెబీ నియమించినది.

మీ బిడ్డ చేరబోవు కంపెనీ వాటాలు బజారున అమ్ముడగునదైనచో, దాని వార్షిక నివేదికను ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. భాష కఠినముగా నుండును గాని, ఆడిటరు అభిప్రాయము, నగదు రాకపోకల పట్టీ, యజమానుల బంధువులతో జరిపిన బేరముల పట్టిక, ఈ మూడు చోట్ల చూచిన చాలును. పై తరగతుల విద్యార్థులు ఒక నివేదికను దింపుకొని, బ్యాంకిలో నున్నదని వ్రాసిన సొమ్మునకు, వచ్చినదని వ్రాసిన వడ్డీకి పొత్తు కుదిరినదో లేదో తామే లెక్కకట్టి చూడవచ్చును. మొదటి లెక్క మేమే ఇచ్చుచున్నాము: 5,361 కోట్ల రూపాయలకు నూటికి 8 వంతున ఏడాది కెంత వడ్డీ రావలెను?